గడపకొచ్చే అంగడి: లాభం ఎవరికి, భారం ఎవరిది?

కర్ణాటకలోని తాలూకా కేంద్రం లింగసుగూరు నుంచి జిల్లా కేంద్రమైన రాయచూరుకు దాదాపు 90 కిలోమీటర్లు. పెళ్లి బట్టలకో, ఫ్రిజ్జుకో, పోటీ పరీక్షల పుస్తకాలకో అంత దూరం వెళ్లి రావాలంటే బస్సు చార్జీతో పాటు ఒక రోజు పనీ పోయినట్టే. ఇప్పుడు అదే సరుకు ఫోన్‌లో బొమ్మ చూసి అడిగితే ఇంటికొస్తోంది. తాలూకా కేంద్రానికే కాదు, హట్టి బంగారు గనుల కాలనీకీ, ముదగల్లుకూ, తుంగభద్ర కాలువల కింద తెలుగు రైతులు కట్టుకున్న క్యాంపులకూ పార్సిళ్లు చేరుతున్నాయి.

ఇలా కొనడం మంచిదా చెడ్డదా అని అడిగితే రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. కొనేవాళ్లు ధర తేడా చూపిస్తారు. అంగళ్లవాళ్లు మోసపోయినవాళ్ల కథలు చెప్తారు. ఇద్దరి మాటా నిజమే. కానీ సరుకు సరిగ్గా వచ్చినప్పుడు ఏ పద్ధతైనా బాగానే కనిపిస్తుంది. తప్పు సరుకు వచ్చిన రోజున ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందో చూస్తేగాని పద్ధతి మంచిచెడులు తేలవు. కేటలాగుల కాలం నుంచి యాప్‌ల కాలం దాకా ఈ వ్యాపారాన్ని ఆ కొలతతోనే చూద్దాం.

ధరల పట్టిక నుంచి ఫోన్ దాకా

ఇంటికి జాబితా పంపి సరుకు అమ్మే పద్ధతికి రైలూ తపాలా రెండూ తల్లిదండ్రులు. 1861లో వేల్స్‌లోని న్యూటౌన్ అనే చిన్న ఊరి బట్టల వ్యాపారి ప్రైస్ ప్రైస్-జోన్స్ తన ఉన్ని బట్టల పట్టికలను తపాలాలో పంపి, సరుకును రైల్లో చేరవేయడం మొదలుపెట్టాడు. 1872లో షికాగోలో ఏరన్ మాంట్‌గమరీ వార్డ్ ఒకే ఒక్క కాగితం మీద ధరలు అచ్చేసి రైతులకు పంపాడు. ఊరి దుకాణదారు చెప్పిందే ధరగా సాగుతున్న చోట పట్టణం ధర రైతు చేతికి అచ్చులో అందింది. 1875లో అదే సంస్థ నచ్చకపోతే డబ్బు వాపసు ఇస్తామని మాట ఇచ్చింది. చూడని సరుకుకు డబ్బు పంపే ధైర్యం రావడంలో ఆ మాటకు పెద్ద పాత్ర ఉంది. 1888లో గడియారాలు, నగల పట్టికతో మొదలైన సియర్స్, 1896 తర్వాత పల్లెల్లో ఇంటింటికీ తపాలా బట్వాడా రావడంతో, 1913లో పార్సిల్ పోస్టు పెట్టడంతో అమెరికా పల్లెలన్నింటికీ పాకింది. ఆ సంస్థ పెద్ద కేటలాగు 1993లో ఆగిపోయింది. మరుసటి ఏడే అమెజాన్ పుట్టింది.

మన దేశంలో 1877లో వీపీపీ వచ్చింది. సరుకు ఇంటికి తెచ్చిన పోస్ట్‌మ్యాన్ చేతికే డబ్బు ఇస్తే, తపాలా శాఖ దాన్ని అమ్మినవాడికి చేర్చేది. మూడేళ్లకు మనీఆర్డరు మొదలైంది. లండన్‌లోని ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్ 1891లో బొంబాయిలో దుకాణం తెరిచి, ఛావణీల్లోని ఇంగ్లీషు అధికారులకు కేటలాగులు పంపేది. అప్పటి లింగసుగూరు అలాంటి ఛావణీయే. హైదరాబాదు కంటింజెంటు దళాలు ఇక్కడ ఉండేవి. నిజాం రాజ్యంలో 1905 దాకా ఇది జిల్లా కేంద్రం కూడా.

తెలుగువాళ్ల ఇళ్లకు తపాలాలో ముందుగా నడిచొచ్చిన సరుకు పుస్తకాలూ మందులూ. మద్రాసులో 1854లో మొదలైన వావిళ్లవారు, రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్ వంటి ప్రచురణకర్తల పుస్తకాల చివరి పేజీలే చిన్న కేటలాగులు. పేరు, వెల, తపాలా ఖర్చు వేరు అనే సూచన, అంతే. మద్రాసులోని కేసరి కుటీరం తన లోధ్ర మందును పత్రికల ప్రకటనలతో ఇంటింటికీ తెలిసేలా చేసింది. ఆ సంస్థ అధిపతి డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మి అనే స్త్రీల పత్రికనే స్థాపించారు. తర్వాతి కాలంలో ఎమెస్కో తన పాకెట్ పుస్తకాలను ఇంటింటి గ్రంథాలయ పథకంతో నేరుగా పాఠకులకు పంపింది. 1947 జులైలో మొదలైన చందమామ కూడా చందాదారులకు తపాలాలోనే చేరేది.

రాయచూరు సీమ తెలుగువాళ్లకు ఈ తపాలా మరీ అవసరం. నిజాం తపాలా శాఖ 1950లో భారత తపాలాలో కలిసింది. 1956లో జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. తుంగభద్ర ఆనకట్ట నీళ్లు 1953లో వదిలాక కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు సింధనూరు, మాన్వి, గంగావతి చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్నారు. పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు పుస్తకం కావాలంటే పక్క వీధిలో దొరకదు, పార్సిల్‌లో రావాలి. 1972లో వచ్చిన పిన్‌కోడ్‌లో ఈ జిల్లాకు దక్కిన 584 అనే అంకెలతోనే ఇప్పటికీ ఆ పార్సిళ్లు దారి వెతుక్కుంటాయి.

1990ల్లో టీవీలో గంటల తరబడి సరుకు చూపించి ఫోన్ నంబరు ఇచ్చే అమ్మకాలు మొదలయ్యాయి. 2008లో హోమ్‌షాప్18, నాప్తోల్ వచ్చాయి. 2007లో బెంగళూరులో పుస్తకాలతో మొదలైన ఫ్లిప్‌కార్ట్ 2010లో సరుకు చేరాక డబ్బు తీసుకోవడం ప్రవేశపెట్టింది. అమెజాన్ 2013లో మన దేశంలో అంగడి తెరిచింది. 2015లో బెంగళూరులోనే పుట్టిన మీషో చిన్న ఊళ్ల ఆడవాళ్లు తమకు తెలిసినవాళ్లకు బొమ్మలు పంపి అమ్ముకునే పద్ధతిని పెద్దది చేసింది. కాష్ ఆన్ డెలివరీ చూస్తే అది వీపీపీకి మనవరాలే. చూడనివాడిని నమ్మి ముందుగా డబ్బు పంపడానికి మనవాళ్లకు 1877లోనూ మనసు రాలేదు, 2010లోనూ రాలేదు.

నిజమైన లాభాలు

ధర మొదటి లాభమని అందరూ అంటారు. నిజానికి ధర తెలియడం అంతకంటే పెద్ద లాభం. కొనకపోయినా సరే, ఒక మిక్సీ బెంగళూరులో ఎంతకు అమ్ముతున్నారో లింగసుగూరు మనిషికి తెలిస్తే బజారులో బేరం మారుతుంది. ఫోన్ చూపించి ధర అడిగేవాళ్లను అంగళ్లవాళ్లు విసుక్కుంటారు గానీ, ఆ అడగడం వల్ల ఆన్‌లైన్‌లో కొననివాళ్లకూ మేలు జరుగుతోంది.

రెండోది ఎంపిక. చిన్న ఊరి అంగడి ఎక్కువగా అడిగే సరుకునే పెడుతుంది. పదిమందికి అక్కర్లేనిది ఒక్కరి కోసం తెచ్చిపెట్టదు. ఎడమచేతివాటం వాళ్ల కత్తెర, వినికిడి యంత్రం బ్యాటరీ, పదకొండో నంబరు చెప్పులు, సివిల్స్ పరీక్షకు తెలుగు మాధ్యమం పుస్తకాలు, పాత మోడలు కుట్టు మిషను విడిభాగం వంటివి దూరం నుంచే రావాలి. జీవితంలో ఇలాంటి అవసరాలు తక్కువేం ఉండవు.

మూడోదాన్ని గురించి జనం తక్కువ మాట్లాడతారు. అంగడిలో కౌంటరు వెనుక కూర్చున్నవాడు కొనేవాళ్ల ముఖం చూస్తాడు, కులం అడుగుతాడు, ఎవరింటి కోడలో కనుక్కుంటాడు. లోదుస్తులో, శానిటరీ ప్యాడ్లో, గర్భ నిర్ధారణ కిట్టో మగవాడి కౌంటరు ముందు నిలబడి అడగలేక ఇబ్బంది పడే ఆడపిల్లకు పార్సిల్ గొప్ప ఊరట. అమెరికాలో జాతి వివక్ష చట్టాలు నడిచిన రోజుల్లో దక్షిణాది నల్లజాతివాళ్లకు సియర్స్ కేటలాగు ఇలాంటి తెరిపే ఇచ్చిందని చరిత్రకారులు రాశారు. తెల్లవాళ్లందరూ అయ్యేదాకా వరుసలో చివర నిలబెట్టే ఊరి దుకాణానికి వెళ్లకుండానే వాళ్లు అదే ధరకు అదే సరుకు తెప్పించుకున్నారు. పెద్ద కులాల వీధిలోని అంగడి మెట్ల కింద నిలబడి సరుకు అడిగిన జ్ఞాపకాలున్న మన పల్లెల్లోనూ దీని విలువ తెలుస్తుంది.

నాలుగోది ఉద్దెర కట్టు తెంచుకోవడం. కంది, పత్తి పండించే రైతు పంట అమ్మేదాకా విత్తనం, మందులు ఉద్దెరకు తెస్తాడు. ఇచ్చినవాడే పంటనూ కొంటాడు. అప్పుడు ధర అడిగే నోరు రైతుకు ఉండదు. చేతిలో నగదు ఉన్న ఏడాది స్ప్రేయరో, డ్రిప్పు పైపులో, మోటారు స్టార్టరో బయటి నుంచి తెప్పించుకోగలిగితే ఆ కట్టు కొంచెం సడలుతుంది.

ఐదోది అమ్మేవాడి లాభం. ముదగల్లు మీదుగా వెళ్తే ఇల్కల్ దగ్గర్లోనే. అక్కడి నేతగాడు తన చీర బొమ్మను నేరుగా కొనేవాళ్లకు చూపించుకోవచ్చు. పన్ను విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. టర్నోవరు పరిమితిలోపు ఉన్న చిన్న అమ్మకందారు జీఎస్టీ నమోదు లేకుండానే ఈ-కామర్స్ వేదికల మీద అమ్ముకోవచ్చని 2023 అక్టోబరు 1 నుంచి వెసులుబాటు ఇచ్చారు, కానీ సొంత రాష్ట్రంలోనే. ఇల్కల్ నేతగాడు ఆ వెసులుబాటుతో లింగసుగూరుకు అమ్మగలడు. రాష్ట్రం దాటి గద్వాలకో కర్నూలుకో అమ్మాలంటే నమోదు తప్పదు. సరిహద్దు జిల్లాకు ఇది పెద్ద అడ్డు.

మూడు రకాల సరుకు

ఏ సరుకును చూడకుండా కొనవచ్చు అనే ప్రశ్నకు పనికొచ్చే ఆలోచనలు 1970లో ఇద్దరు ఆర్థికవేత్తలు చేశారు. ఫిలిప్ నెల్సన్ సరుకును రెండుగా విడదీశాడు. కొనక ముందే చూసి తేల్చుకోగలిగేవి కొన్ని, వాడితేగాని తెలియనివి కొన్ని. ఆ తర్వాత 1973లో డార్బీ, కార్నీ అనే ఇద్దరు మూడో రకాన్ని కలిపారు. వాడిన తర్వాత కూడా మామూలు మనిషి నాణ్యత తేల్చలేని సరుకు అది. జార్జ్ అకర్లాఫ్ అదే 1970లో ఇంకో సంగతి చూపించాడు. సరుకు మంచిచెడులు అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియకపోతే, చెడ్డ సరుకు మంచి సరుకును బజారు నుంచి తరిమేస్తుంది. ఆ పరిశోధనకు ఆయనకు 2001లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ మూడు రకాలను మూడు గదులనుకుని మన కొనుగోళ్లను వాటిలో సర్ది చూస్తే చాలా గందరగోళం తీరుతుంది. పుస్తకం మొదటి గదిలోది. పేరు, రచయిత, ముద్రణ తెలిస్తే ఎక్కడ కొన్నా అదే పుస్తకం. తెలుగు ప్రచురణకర్తలు నూరేళ్లకు పైగా తపాలాలో నమ్మకంగా అమ్మగలగడానికి ఇదే కారణం. మోడలు నంబరున్న ఫోను, పెన్‌డ్రైవ్, స్టీలు టిఫిన్ డబ్బా కూడా దాదాపు ఇంతే.

బట్టలు, చెప్పులు, పరుపులు, వంటసామాన్లు రెండో గదిలోవి. ఇల్కల్ చీరనే తీసుకోండి. ఒంటి పడుగు నూలు, పైటకొంగు పడుగు పట్టు. ఆ రెండింటినీ ఒక్కొక్క చీరకు విడిగా కొండి అనే ముడులతో కలుపుతారు. పైటకొంగు మీద టోపె తెని నమూనా ఉంటుంది. మరమగ్గం మీద పాలిస్టరు దారంతో అదే బొమ్మ అచ్చుదించితే ఫోన్ తెరమీద రెండూ ఒక్కలాగే ఉంటాయి. చేతితో కొండి తడిమి చూస్తే క్షణంలో తెలిసే తేడా ఫొటోలో దొరకదు. పోచంపల్లి, గద్వాల, మంగళగిరి చీరల గతీ ఇదే. అకర్లాఫ్ చెప్పిన దెబ్బ ఇక్కడ తగులుతుంది. నకలు 600కు కనిపిస్తుంటే అసలైన నేతకు అంతకు ఎన్నో రెట్లు ఎందుకివ్వాలో కొనేవాళ్లకు అర్థం కాదు, నేతగాడు మగ్గం దిగిపోతాడు. 2006లో తెచ్చిన చేనేత గుర్తు, పట్టుకు సిల్క్ మార్క్, ఊరి పేరుకు భౌగోళిక గుర్తింపు, ఇవన్నీ రెండో గది సరుకును మొదటి గదికి జరపడానికి చేసిన ప్రయత్నాలే. కొనేవాళ్లు వాటిని అడిగితేనే వాటికి బలం.

మందులు, విత్తనాలు, పురుగుమందులు, బంగారం మూడో గదిలోవి. అసలు ప్రమాదం ఇక్కడే. విత్తనం మొలిచినా కాయ పట్టకపోతే అది విత్తనం లోపమో వాన లోపమో తేల్చడం కష్టం. 2022 నవంబరులో కేంద్రం లైసెన్సు ఉన్నవాళ్లు పురుగుమందులను ఈ-కామర్స్ ద్వారా అమ్మడానికి వీలు కల్పించింది. లైసెన్సు నంబరు చూడకుండా కొంటే ఆ వీలే ముప్పు. బంగారానికి కొంత రక్షణ ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగమీద ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూసుకోవచ్చు. దేశానికి బంగారం తవ్వి ఇచ్చే హట్టి పక్కనే ఉన్నంత మాత్రాన నగ నాణ్యత మనకు కంటితో తెలియదు.

ఎక్కడ మునుగుతాం

వీపీపీ కాలంలో మోసం ఒకే చోట జరిగేది. డబ్బు చెల్లించేదాకా పార్సిల్ విప్పకూడదు. విప్పాక ఇటుక ముక్కో చిత్తు కాగితాలో కనిపిస్తే పోస్ట్‌మ్యాన్ ఏం చేయగలడు? పత్రికల వెనుక పేజీల్లో పజిల్ పూర్తిచేస్తే ట్రాన్సిస్టర్ అనే ప్రకటనలు, వశీకరణ ఉంగరాలు, బొల్లి మచ్చల మందులు చూసి ఎంతోమంది అలా డబ్బు పోగొట్టుకున్నారు. బీహారులోని కత్రీసరాయి ఇలాంటి తపాలా మందుల వ్యాపారానికి పేరుపడిపోయింది. అద్భుత చికిత్సల ప్రకటనలను అడ్డుకోవడానికి 1954లోనే చట్టం వచ్చింది. ఆ ప్రకటనలు ఇప్పుడు ఫోన్ తెరమీదికి మారాయి.

ఈ రోజున నష్టపోయే దారులు ఎక్కువయ్యాయి. మొదటిది రిటర్ను. యాప్‌లో వాపసు ఉందని రాసి ఉన్నా, ఊరికి దూరంగా ఉన్న క్యాంపుకు వచ్చి వెనక్కి తీసుకెళ్లేవాళ్లు దొరక్క రోజులు గడుస్తాయి, గడువు దాటిపోతుంది. ఇంటి నంబర్లు లేని పల్లెల్లో గుడి పక్కన, ట్యాంకు ఎదురుగా అని రాసుకునే చిరునామాలతో ఈ ఇబ్బంది పెరుగుతుంది. 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్ దేశాన్ని దాదాపు నాలుగేసి మీటర్ల గడులుగా విడగొట్టి ఒక్కొక్కదానికి పది అక్షరాంకెల గుర్తు ఇస్తోంది. అది వాడుకలోకొస్తే ఈ కష్టం కొంత తగ్గవచ్చు.

రెండోది మరమ్మతు. ఆన్‌లైన్‌లో 1,500 తక్కువకు వచ్చిన వాషింగ్ మెషీన్ వేసవిలో ఓల్టేజి దెబ్బకు ఆగిపోతే మెకానిక్ రాయచూరు నుంచి రావాలి. వారంటీ ఉన్నా వచ్చే తేదీకి వారంటీ లేదు. ఊరి అంగడిలో కొన్నవాడు షాపు మెట్లెక్కి గట్టిగా అడగగలడు.

మూడోది ఆశ పెట్టి తొందరపెట్టే అమరికలు. రెండే మిగిలాయని చెప్పడం, చివరి తెర దాకా చార్జీలు దాచడం, అడగని బీమాను బుట్టలో వేయడం. ఇలాంటి 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను 2023 నవంబరు 30న కేంద్రం నిషేధించింది. తెలుగు, కన్నడ భాషల్లో యాప్‌లు 2020లోనే వచ్చినా, వాపసు షరతుల చిన్న అక్షరాలు చాలాచోట్ల ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగు మాట్లాడుతూ కన్నడం చదివే మనిషి అక్కడ రెండుసార్లు నష్టపోతాడు.

నాలుగోది ఈఎంఐ. ఉద్దెర ఇచ్చిన అంగడివాడు పంట పోతే ఒక సీజను ఆగుతాడు. ఫోన్‌లో తీసుకున్న వాయిదా ఒక్కరోజు కూడా ఆగదు.

ఐదోది కేటలాగును నిచ్చెనగా మార్చే వ్యాపారం. సబ్బులు, పోషకాల డబ్బాలు అమ్మి పెట్టమంటూ ఇంటికి కేటలాగు తెచ్చే పొరుగింటావిడ చివరికి మనల్ని కూడా సభ్యులుగా చేర్చాలని చూస్తుంది. సరుకు అమ్మకం కంటే మనుషుల్ని చేర్చడం మీదే ఆదాయం నడిస్తే 1978 నాటి గొలుసు పథకాల నిషేధ చట్టం అడ్డొస్తుంది. 2014 మేలో ఆమ్వే ఇండియా అధిపతిని కర్నూలు పోలీసులు ఈ చట్టం కిందే అరెస్టు చేశారు. 2022 ఏప్రిల్‌లో ఈడీ ఆ సంస్థకు చెందిన 757.77 కోట్ల రూపాయల ఆస్తులను తాత్కాలికంగా జప్తు చేసింది. సంస్థ ఆరోపణలను ఒప్పుకోలేదు. ఇలాంటి నేరుగా అమ్మే వ్యాపారాలకు 2021 డిసెంబరులో కేంద్రం విడిగా నియమాలు తెచ్చి, మనుషుల్ని చేర్చినందుకు డబ్బిచ్చే పిరమిడ్ పథకాలను నిషేధించింది.

ఆరోది పచ్చి దొంగతనం. పెద్ద సంస్థ పేరుతో ఇంటికి స్క్రాచ్ కార్డు వస్తుంది. గీకితే కారు గెలిచారని ఉంటుంది. ముందుగా పన్ను కట్టమని ఫోన్ వస్తుంది. రీఫండు కోసం గూగుల్‌లో వెతికిన నంబరుకు ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ అని చెప్పుకునే దొంగ ఓటీపీ అడుగుతాడు. ఆర్డరు చేయని పార్సిల్‌కు ఇంట్లో పెద్దవాళ్లు డబ్బు కట్టేస్తారు. వీటిలో ఏదీ కొనడం కాదు, దోపిడీయే.

ఊరి బజారు కోణం

అంగళ్లవాళ్ల ఫిర్యాదును స్వార్థమని కొట్టిపారేయలేం. కిరాణం, బట్టల కొట్టు ఊళ్లో పదిమందికి పనిస్తాయి, జాతరకు చందా ఇస్తాయి, కష్టకాలంలో ఉద్దెరిస్తాయి. అయితే అదే ఉద్దెర కొనేవాడిని కట్టేస్తుందని పైన చూశాం. బజారు నిలబడాలంటే దూరపు అంగడి చేయలేనిది చేయాలి. అంటే చేత్తో తడిమి చూడనివ్వడం, అదే రోజు మార్చి ఇవ్వడం, ఇంటికి వచ్చి బిగించడం, బాగుచేయడం. వాట్సాప్ బిజినెస్‌లో ధరలతో కేటలాగు పెట్టి, అడిగిన సరుకును గంటలో ఇంటికి పంపే చిన్న కొట్టు ఏ పెద్ద యాప్‌కూ భయపడనక్కర్లేదు. చాలా అంగళ్లు ఇప్పటికీ ధర రాయడానికే మొహమాటపడుతున్నాయి.

ఇంటి గడప దాకా వచ్చే కుర్రాడి సంగతి కూడా ఈ లెక్కలో ఉండాలి. ఎండలో, రాళ్ల దారుల్లో తిరిగే ఆ పనికి జీతమంటూ లేదు, పార్సిల్‌కింత అని కూలి. కర్ణాటక 2025లో గిగ్ కార్మికుల సామాజిక భద్రతకు చట్టం చేసింది. దాని ఫలం తాలూకాల్లోని కుర్రాళ్ల దాకా వస్తేనే ఉచిత డెలివరీ అనే మాటకు నైతిక బలం ఉంటుంది.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకొచ్చింది. చిన్న ఊళ్లకు అది ఇచ్చిన గొప్ప మేలు ఒకటుంది. అమ్మినవాడు ఎక్కడున్నా, కొన్నవాడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. పాత చట్టంలో ఈ సౌకర్యం నేరుగా లేదు. లింగసుగూరు మనిషి రాయచూరు జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి.

అదే జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం సరుకు పాడైనదైనా, నకిలీదైనా, చూపించిన లక్షణాలు లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మినందుకు 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ అమెజాన్‌కూ ఫ్లిప్‌కార్ట్‌కూ చెరో లక్ష జరిమానా వేసింది. అమెజాన్ ద్వారా అమ్ముడుపోయిన 2,265 కుక్కర్లను, ఫ్లిప్‌కార్ట్ ద్వారా పోయిన 598 కుక్కర్లను వెనక్కి పిలిపించి డబ్బు తిరిగివ్వమంది. జరిమానా చిన్నదే. కానీ మేం వేదికలం మాత్రమే, బాధ్యత అమ్మినవాడిదే అనే వాదన ఆ అథారిటీ ముందు చెల్లలేదు.

మూడో గది సరుకుకు కూడా ఒక ఆసరా ఉంది. లోపమున్న విత్తనాల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థపై వేసిన కేసులో, రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల కమిషన్‌కు రావచ్చని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు వాడుకోవాలంటే బిల్లు, ప్యాకెట్టు, లాట్ నంబరున్న చీటీ దాచుకోవాలి. బిల్లులేని చౌక విత్తనంతో రైతు తక్కువ ధరతో పాటు ఈ హక్కును కూడా పారేసుకుంటున్నాడు.

లోటు ఒక్కటుంది. సరుకులో లోపం లేకపోయినా, చూశాక నచ్చకపోతే 14 రోజుల్లో వెనక్కి ఇవ్వవచ్చని ఐరోపా సమాఖ్య 2011 నాటి ఆదేశంతో హక్కు ఇచ్చింది. చూడకుండా కొన్నవాడికి ఆలోచించుకునే గడువు కావాలన్న నీతి అది. మన దగ్గర అది సంస్థ ఇష్టం. వార్డ్ 1875లో వ్యాపార మర్యాదగా ఇచ్చిన మాటను మన చట్టం ఇంకా హక్కుగా చేయలేదు.

తేలిందేమిటి

అన్నీ కలిపి చూస్తే చిన్న ఊరికి ఇంటి నుంచి కొనడం మొత్తం మీద మేలే. కానీ ఆ మేలు సరుకు రకాన్ని బట్టి మారుతుంది. పుస్తకాలు, మోడలు నంబరున్న వస్తువులు, ఊళ్లో దొరకని విడిభాగాలు నిశ్చింతగా దూరం నుంచి తెప్పించుకోవచ్చు. బట్టలు, చెప్పులు వాపసు సౌకర్యం తన పిన్‌కోడ్‌కు నిజంగా ఉందో లేదో చూసుకున్నాకే కొనాలి. బిగింపూ మరమ్మతూ కావాల్సిన యంత్రాలకు వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఊరి అంగడే చౌక. విత్తనం, పురుగుమందు, బంగారం వంటివి లైసెన్సు, గుర్తు, బిల్లు లేకుండా ఎక్కడా కొనకూడదు. రోగానికి అద్భుత మందు మాత్రం పార్సిల్‌లో అసలే వద్దు.

ప్రభుత్వం చేయాల్సింది రెండు. పద్నాలుగు రోజుల వాపసును హక్కుగా చేయాలి. వాపసు షరతులు కొనేవాళ్ల భాషలో ఉండాలని కట్టడి చేయాలి.

కొనేవాళ్లు ఆర్డరు నొక్కే ముందు అమ్మేది ఎవరు, చెడితే వెనక్కి ఎలా పంపాలి, బాగుచేసేది ఎవరు అని మూడు ప్రశ్నలు వేసుకోండి. మూడింటికీ జవాబు దొరక్కపోతే ఎంత చౌకైనా ఆ సరుకు ఖరీదైనదే. పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, బిల్లు దాచండి. సరుకు విషయంలో అన్యాయం జరిగితే 1915కు, డబ్బు దొంగిలిస్తే ఆలస్యం లేకుండా 1930కి ఫోన్ చేయండి. ఈ రెండు నంబర్లు ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో కూడా ఇవాళే రాసిపెట్టండి.